పాడ్రోన్ 1964 యానివర్సరీ మదూరో: ఎక్స్‌క్లూసివో రుచి ఎలా ఉంది?

నలుపలకలుగా నొక్కిన సిగార్ల గురించి మాట్లాడేటప్పుడు మిగతావాటిని పాడ్రోన్ 1964 యానివర్సరీ పక్కన పెట్టి చూడటం పొగరాయుళ్లకు అలవాటు. హొసే ఒర్లాండో పాడ్రోన్ 1964లో మయామీలో మొదలుపెట్టిన కంపెనీకి ముప్పయ్యేళ్లు నిండిన సందర్భంగా 1994లో ఈ వరుస వచ్చింది. లోపలి ఆకు, పై ఆకు అంతా నికరాగ్వాదే, కనీసం నాలుగేళ్లు మాగినదే. ఎక్స్‌క్లూసివో సైజు పొడవు ఐదున్నర అంగుళాలు, రింగ్ గేజ్ 50. రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతుల లెక్క, కాబట్టి మందం ఇరవై మిల్లీమీటర్లకు రవ్వంత తక్కువ.

చూడ్డానికి సుకుమారమైన సరుకేమీ కాదు. ఎండలో పెరిగిన ఆకు కాబట్టి మందంగా, ఎక్కువకాలం మగ్గబెట్టిన మదూరో రకం కాబట్టి ముదురు గోధుమ రంగులో ఉంటుంది. ఈనెలు పైకి తేలి కనిపిస్తాయి, వేలికి కాస్త నూనె తగులుతుంది. సిగార్‌కు చుట్టిన రెండు కాగితపు బ్యాండ్లలో ఒకదాని మీద వరుస సంఖ్య ఉంటుంది. నకిలీలు ఎక్కువ కాబట్టి కొనేముందు అది చూసుకోవాలి. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో మెల్లగా నొక్కండి. ఒకచోట గట్టిగా ముడిలా తగిలితే దమ్ము బిగుసుకుంటుంది, ఒకచోట గుల్లగా ఉంటే అక్కడికి రాగానే వేడెక్కుతుంది. నొక్కిన సిగార్ మామూలుగానే గుండ్రటిదానికన్నా మెత్తగా ఉంటుంది, దాన్ని లోపం అనుకోవద్దు.

ఈ సిగార్ నచ్చలేదనేవాళ్లలో చాలామంది తాగింది తడిసిన సిగార్ అయి ఉంటుంది. సిగార్లు దాచే పెట్టె, అంటే హ్యూమిడార్‌లో 70 శాతం తేమ పాత లెక్క, ఈ మదూరోకు అది ఎక్కువ. మందపాటి పై ఆకు నీటిని పట్టుకుని వదలదు. లోపల నడిమధ్యన ఉండే లిగేరో, అంటే మొక్క పైభాగాన ఎండంతా తిన్న ఘాటైన ఆకు, ఎలాగూ నిదానంగా కాలుతుంది. రెండూ చెమ్మగా ఉంటే నిప్పు ఒక పక్కకే పరిగెడుతుంది, మాటిమాటికీ ఆరిపోతుంది, మళ్లీ వెలిగించిన ప్రతిసారీ చేదు పెరుగుతుంది. 65 శాతం దగ్గర రెండు మూడు వారాలు ఉంచితే అదే సిగార్ వేరేలా కాలుతుంది. 60 కంటే కిందికి జారితే పై ఆకు చిట్లుతుంది, పొగ వేడిగా, పలచగా వస్తుంది. వేడి 21 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే మేలు. 25కు చేరితే పొగాకు పురుగు గుడ్లు పొదగడం మొదలుపెడతాయి, ఒక్కటి పొదిగినా పెట్టె మొత్తానికీ చిల్లులే.

కోత టోపీ (నోట్లో పెట్టుకునే కొసను మూసే ఆకు ముక్క) అంచు దాటకూడదు, రెండు మిల్లీమీటర్లు చాలు. కిందికి కోస్తే పై ఆకు విడిపోతుంది. దీనికి తిన్నటి కోతే మేలు. పంచ్‌తో చిన్న కంత పెడితే పొగలోని జిడ్డంతా అక్కడే పేరుకుని, చివర్లో నాలుక మీద పడుతుంది. వెలిగించకముందు ఒకసారి లాగి చూస్తే ఎండుద్రాక్ష, కోకో వాసన వస్తుంది. మంట కొసకు రెండు సెంటీమీటర్ల ఎడంగా పట్టి తిప్పుతూ ముందు మూలలను, తర్వాత మధ్యభాగాన్ని కాల్చండి. పెట్రోల్ లైటర్ వద్దు, ఆ కంపు మొదటి పది నిమిషాలను మింగేస్తుంది.

మొదటి అంగుళంలో మిరియాల ఘాటు కనిపిస్తుంది గానీ గొంతు పట్టుకోదు. కాసేపట్లోనే అది వెనక్కి తగ్గి తీపి లేని కోకో, చిక్కటి కాఫీ ముందుకొస్తాయి. మధ్య భాగమే దీని సత్తా. కోకో మీదికి వేయించిన గింజల రుచి, కాస్త మట్టివాసన, పెదవుల మీద మిగిలే సన్నటి తీపి. ఈ తీపి బయటినుంచి పూసింది కాదు, ముదురు ఆకును ఎక్కువకాలం మగ్గబెట్టినందువల్ల వచ్చింది. నాలుగైదు దమ్ములకోసారి కొంచెం పొగను ముక్కు గుండా వదిలితేనే ఇవన్నీ విడివిడిగా తెలుస్తాయి. మొత్తం పొగ వదలక్కర్లేదు, పావు వంతు చాలు. పక్కన మంచినీళ్లు తప్ప ఏదీ పెట్టుకోవద్దు. కాఫీ తాగుతూ కాఫీ రుచి వెతకడం దండగ.

చివరి భాగం మీదే పేచీ. ఘాటు పెరుగుతుంది, తోలు, కాల్చిన కలప వాసన పైకొస్తాయి, కోకో చేదువైపు ఒరుగుతుంది. నిమిషానికి ఒక దమ్ము చొప్పున తాగితే ఆ చేదు హద్దులోనే ఉంటుంది. తొందరపడితే నిప్పు వేడెక్కి, మధ్య భాగంలో ఇచ్చిన తీపినంతా తుడిచేస్తుంది. అంచు వంకరగా కాలుతుంటే వెంటనే లైటర్ తీయకండి. వెనకబడిన పక్కను కిందికి తిప్పి రెండు మూడు నిమిషాలు ఆగితే చాలావరకు సర్దుకుంటుంది. నుసిని అంగుళం దాకా నిలవనివ్వవచ్చు, అంతకుమించి నిలబెట్టడం వేడుకకే. బ్యాండ్‌ను ముందే పీకితే జిగురుతో పాటు ఆకు కూడా లేస్తుంది. వేడి దగ్గరకొచ్చాక అదే వదులవుతుంది.

సాఫీగా తాగించినా బలంలో ఇది తక్కువది కాదు. ఖాళీ కడుపుతో కూర్చుంటే సగంలోనే తల తిరుగుతుంది, చెమట పడుతుంది. అప్పుడు సిగార్ పక్కన పెట్టి కొంచెం పంచదార నోట్లో వేసుకుంటే కొంత నయం. పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చేది కాదు. పీల్చకపోయినా నోటికి, గొంతుకు క్యాన్సర్ ముప్పు ఉండనే ఉంటుంది.

ఇదే సైజులో నేచురల్, అంటే లేతరంగు పై ఆకుది కూడా దొరుకుతుంది. అందులో కోకో తక్కువ, గింజల రుచి, దేవదారు వాసన ఎక్కువ, కాలడం కూడా కాస్త సులువు. చివరిదాకా ఒకే తీరుగా నడిచేది కావాలంటే నేచురల్ తీసుకోండి. మధ్యలో ఆ ఇరవై ముప్పై నిమిషాల కోసం చివర్లో కాస్త చేదు ఓర్చుకోగలిగితే మదూరోకే నా ఓటు, అదీ నాలుగు సెంటీమీటర్లు మిగిలినప్పుడు ఆపేస్తే. నలిపి ఆర్పకండి, కంపు కొడుతుంది. యాష్‌ట్రేలో వదిలేస్తే అదే ఆరిపోతుంది.