చలికాలంలో వీధిలో నిలిపే కారుకి కవర్ కావాలా? జేసీ రోడ్డులో కొన్న మూడు పొరల కవర్ గురించి

ముందే చెప్పేస్తాను. రోజూ కారు తీసేవాళ్లకి కవర్ అక్కర్లేదు. వారానికి ఒకటి రెండుసార్లు తీసేవాళ్లకి, అందులోనూ చెట్టుకింద నిలిపేవాళ్లకి మాత్రం తప్పకుండా కావాలి. అయితే ఏ కవర్ పడితే ఆ కవర్ కాదు.

మేం బెంగళూరు బానసవాడిలో అద్దెకుంటున్నాం. గేటు లోపల స్థలం ఓనరు కారుకే చాలదు, కాబట్టి మా నల్ల బాలెనో ఏడాది పొడుగునా వీధిలో కానుగ చెట్టు కిందే. నేను ఆఫీసుకి మెట్రోలో వెళ్తాను. కారు బయటికి తీసేది శని, ఆదివారాల్లోనే.

చలికి భయపడి కవర్ కొనాల్సిన ఊరు కాదు బెంగళూరు. జనవరిలో కూడా తెల్లవారుజామున పదిహేను, పదహారు డిగ్రీలుంటుంది. 1884 జనవరిలో నమోదైన 7.8 డిగ్రీలే ఇక్కడ రికార్డు. మిషిగన్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు కవర్ వాడడు. మంచు కరిగి తడిసిన గుడ్డ రాత్రికి గడ్డకట్టి కారుకి అతుక్కుపోతుందంటాడు. అది ఆ ఊరి బాధ. మనకి బాధ పెట్టేవి రాత్రి తేమ, దుమ్ము, పిట్టలు.

మబ్బు లేని రాత్రి కారు పైకప్పు తన వేడినంతా ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడిపోతుంది. దాంతో గాలిలో తేమ దానిమీదే నీళ్లై కూర్చుంటుంది. పగలంతా పడిన దుమ్ము ఆ నీళ్లలో కలిసి, ఎండెక్కేసరికి బురద చుక్కలై ఎండిపోతుంది. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే నల్ల రంగుమీద సాలెగూడు లాంటి గీతలు పడతాయి. పిట్టల రెట్ట ఇంకా మొండిది. అందులో యూరిక్ ఆమ్లం ఉంటుంది. రాత్రి తేమకి నాని, పగలు ఎండకి కాగి, క్లియర్ కోట్‌లోకి, అంటే రంగుమీదుండే పారదర్శక పొరలోకి దిగుతుంది. ఆ పొర మందం మన తలవెంట్రుకంత కూడా ఉండదు. ఒకసారి మరక దిగిందంటే పాలిష్ పట్టించాల్సిందే.

కారుతోపాటు ఉచితంగా వచ్చిన వెండిరంగు కవర్ మొదట వాడాం. రెయిన్‌కోటు గుడ్డలా ఉండేది, చుక్క నీరు లోపలికి పోనిచ్చేది కాదు. పొద్దున్నే ఒక మూల ఎత్తి చూస్తే పైన తడి, లోపల కూడా తడి! బానెట్ మీద, గుడ్డ లోపలి వైపున, సన్నటి నీటిచుక్కలు బారులు తీరి ఉండేవి. వీధి నేలనుంచి లేచిన ఆవిరికి బయటికి పోయే దారి లేక అక్కడే చేరేది. దానికి తోడు గాలి వీచినప్పుడల్లా ఆ గుడ్డ టపటప కొట్టుకునేది. కింద దుమ్ముంటే ఆ కొట్టుకోవడమే ఉప్పుకాగితం పని చేస్తుంది.

జేసీ రోడ్డులో సీటు కవర్లు కుట్టే కొట్లో ఇప్పటి కవర్ తీసుకున్నాం. అడిగింది రెండువేల ఆరువందలు, బేరమాడితే రెండువేల రెండువందలకి ఇచ్చారు. లోపలి పొర మెత్తటి నూలు. కొట్లో పెద్దాయన గుడ్డ మూల నా చేతికిచ్చి, "నోటికి ఆనించి ఊదమ్మా, గాలి అవతలికి పోవాల" అన్నారు. ఊదాను, అవతలివైపు పెట్టిన అరచేతికి వెచ్చగా తగిలింది. కవర్ కొనేటప్పుడు ఈ ఒక్క పరీక్ష చేయండి, చాలు. ఇది వాడటం మొదలుపెట్టాక పొద్దున్న లోపలి వైపు చెయ్యి పెడితే పొడిగా ఉంటోంది. తేమంతా పైపొర మీదే ఆగి, ఎండరాగానే ఆరిపోతోంది. సంక్రాంతికి కడప వెళ్లి వచ్చేసరికి కవర్ మీద రెట్టలు, కానుగాకులు పేరుకుపోయి ఉన్నాయి. విప్పితే కారు వదిలి వెళ్లినట్టే ఉంది. నా డబ్బు ఆ రోజే వసూలైందనిపించింది.

లోపాలు లేవని కాదు. పక్క అద్దాలు దూరే జేబు దగ్గర కుట్టు ఊడింది, టైలర్ దగ్గర మళ్లీ వేయించాను. బరువు ఎక్కువ, ఒక్కరే వేయాలంటే కష్టం. తీసేటప్పుడు రెండు పక్కలా పైకప్పు మీదికి మడిచి, వెనకనుంచి ముందుకి చాపలా చుట్టుకుంటే తేలిక. వానకి మాత్రం ఇది ఆగదు. డిసెంబర్‌లో చెన్నై వైపు వాయుగుండం పడిందంటే ఇక్కడా ముసురే కదా. ఆ రోజుల్లో అసలు వేయకండి. తడిసిన గుడ్డని మేడమీద ఆరేస్తే రోజంతా పడుతుంది, తడిగా కారుమీదే ఉంచితే ముక్కవాసన వస్తుంది.

పొద్దున్నే కారు తుడిచే అబ్బాయికి కూడా గట్టిగా చెప్పాను, తడిగుడ్డతో తుడిచిన వెంటనే కవర్ కప్పొద్దని. ఆరాలి, దుమ్ము ఉండకూడదు, తిరిగొచ్చిన కారైతే ఇంజిను, సైలెన్సర్ చల్లారాలి. ఈ ఓపిక లేకపోతే కవర్ లేకుండా వదిలేసి, వారానికోసారి నీళ్లు ధారాళంగా పోసి కడుక్కోవడమే కారుకి మేలు. ఎలుకల్ని కవర్ ఆపుతుందని కొందరు కొంటున్నారు, ఆపదు. పైగా వాటికి చాటు దొరుకుతుంది. బానెట్ ఎత్తి వైర్లు చూసుకోవడం మానొద్దు.

కొనేటప్పుడు 'హ్యాచ్‌బ్యాక్ సైజు' అని కాకుండా కారు పేరు, మోడల్ సంవత్సరం చెప్పండి. కారు అడుగునుంచి బిగించే బెల్టు ఉందో లేదో చూడండి. వదులు కవర్ గాలికి ఊగుతుంది, ఆ ఊపుకి రంగు పోతుంది.