'నాయీవ్' (naive) అంటే ఎలాంటి మనిషి? రెండు నిఘంటువుల పోలిక

మనిషి స్వభావాన్ని చెప్పే ఇంగ్లిషు మాట కొత్తగా ఎదురైతే చాలామంది ముందు తెరిచేది ఇంగ్లిష్-తెలుగు నిఘంటువునే. సి.పి. బ్రౌన్ 1850ల నాటి కృషి నుంచి వస్తున్న గొప్ప సంప్రదాయం అది. క్షణంలో అర్థం చేతికొస్తుంది.

'నాయీవ్' సంగతి చూడండి. తెలుగులో 'అమాయకమైన' అని దొరుకుతుంది. తప్పు కాదు. కానీ మనం 'పాపం, అమాయకుడు' అన్నప్పుడు అందులో జాలి, కొంత ఆప్యాయత ఉంటాయి. ఆఫీసులో పై అధికారి మీ ఆలోచనను 'నాయీవ్' అన్నారంటే అది మెచ్చుకోలు కాదు. లోకానుభవం లేదని, ఎవరేం చెప్పినా నమ్మేస్తారని విమర్శిస్తున్నారు.

ఈ తేడాను పట్టిచ్చేది ఇంగ్లిషు నేర్చుకునేవారి కోసం రాసిన ఇంగ్లిష్-ఇంగ్లిష్ నిఘంటువు. ఎ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో పాఠాలు చెబుతూ సహచరులతో కలిసి కూర్చిన అలాంటి నిఘంటువు 1942లో అక్కడే అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని ప్రచురించింది. నేటి కూర్పుల్లో ఇలాంటి మాటల పక్కన అది మెప్పా, ఆక్షేపణా అన్న సూచన ఉంటుంది. 'నాయీవ్'కు రెండూ ఉన్నాయి: ముందు ఆక్షేపణ, తర్వాత నిష్కల్మషం అన్న మెప్పు. ఉదాహరణ వాక్యాలు ఏది ఎక్కడ వర్తిస్తుందో తేలుస్తాయి. అయితే ఇంగ్లిషు బొత్తిగా కొత్తవారికి ఆ వివరణే మరో చిక్కు కావచ్చు.

కథ చదువుతూ మధ్యలో ఆగినప్పుడు నాకు తెలుగు నిఘంటువే ఇష్టం. ఒకరి గురించి సిఫారసు లేఖ రాస్తున్నప్పుడు మాత్రం రెండోది చూడకుండా ఆ మాట వాడవద్దు.