నాన్న డ్రాయింగు షీటు, ఎక్స్-15, రెండు ఊళ్ల ప్రయాణం

అమెరికా వచ్చిన అమ్మానాన్నలకు ముందు నయాగరా చూపించడం మన వాళ్ల ఆనవాయితీ. మా నాన్న మాత్రం దిగిన మూడో రోజు పొద్దున కాఫీ తాగుతూ, "ఒరే, నయాగరా ఎక్కడికీ పోదు గానీ, ఇక్కడికి డేటన్ ఎంత దూరం?" అన్నారు. మేముండేది కొలంబస్. కారులో గంటా పావు. ఆ మాట చెప్పగానే లోపలికెళ్లి, ఆవకాయ సీసాల పక్కన ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి తెచ్చుకున్న ట్రేసింగ్ షీటు తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచారు.

ఆయన పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏదో పత్రికలో వచ్చిన ఫొటోలూ కొలతలూ ఆధారంగా ఎక్స్-15 అనే రాకెట్ విమానాన్ని ముప్పయ్యో వంతు స్కేలులో గీశారట. ప్లాన్, ఎలివేషన్, ఎండ్ వ్యూ, అంటే పై నుంచి, పక్క నుంచి, కొస నుంచి చూసినట్టు. పొడవు 50 అడుగుల 9 అంగుళాలు, రెక్కల కొస నుంచి కొసకు 22 అడుగుల 4 అంగుళాలు. ఆ షీటు మా చిన్నప్పుడు బీరువా మీద ఉండేది, ముట్టుకుంటే వీపు మోగేది.

తెలియని వాళ్లకు రెండు మాటలు. 1959 నుంచి 1968 దాకా మూడే మూడు ఎక్స్-15లు, 12 మంది పైలట్లు, మొత్తం 199 సార్లు ఎగిరాయి. ఇది నేల మీద నుంచి లేచేది కాదు. బీ-52 బాంబర్ కుడిరెక్క కింద తగిలించుకుని 45,000 అడుగుల దగ్గర వదిలేసేవాళ్లు. అప్పుడు ఇంజిన్ అంటుకునేది. అది మండేది ఒకటి, ఒకటిన్నర నిమిషం. మిగిలినదంతా ఇంజిన్ లేకుండా జారుకుంటూ వచ్చి, ఎండిన చెరువు మీద వెనక చక్రాలకు బదులు ఉన్న ఉక్కు బద్దీలతో దిగడమే. పదకొండు నిమిషాల్లో కథ అయిపోయేది. ఆ కాసేపట్లోనే 1963 ఆగస్టు 22న జో వాకర్ 3,54,200 అడుగుల ఎత్తుకు, అంటే దాదాపు 108 కిలోమీటర్లకు, వెళ్లి వచ్చాడు.

మూడింటిలో మిగిలినవి రెండు. మొదటిది వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ విమాన మ్యూజియంలో. 2018లో మేం చూసినప్పుడు పైకప్పుకు వేలాడుతూ ఉంది. మెడ నొప్పెట్టేలా తలెత్తి యాభై ఫొటోలు తీసి నాన్నకు వాట్సాప్‌లో పంపితే, "అన్నీ పొట్ట ఫొటోలే. పక్క నుంచి ఒక్కటన్నా లేదేం?" అని జవాబిచ్చారు. పై నుంచి వేలాడే విమానానికి పక్క ఎక్కడ దొరుకుతుంది? జనం కూడా తిరునాళ్లే. పిల్లలతో వాషింగ్టన్ వెళ్లేవాళ్లు ఎలాగూ చూస్తారు, చూడండి. కానీ ఈ ఒక్క విమానం కోసం వెళ్లాలంటే మాత్రం రెండోది ఉన్న డేటన్‌కే నా ఓటు.

డేటన్‌లోని అమెరికా వైమానిక దళం జాతీయ మ్యూజియానికి టికెట్టూ లేదు, పార్కింగుకూ డబ్బు లేదు. గుమ్మంలో సంచులు చూసి పంపిస్తారు. నాలుగు హ్యాంగర్లు, ఒక్కొక్కటీ మన ఊరి మార్కెట్ యార్డు కన్నా పెద్దది. అందరూ చేసే పొరపాటు మొదటి హ్యాంగర్ నుంచి వరుసగా చూసుకుంటూ పోవడం. నాలుగోదానికి చేరేసరికి కాళ్లు పడిపోతాయి, పిల్లలు ఆకలంటారు. 2016లో తెరిచిన ఆ నాలుగోదాంట్లోనే అసలు సరుకంతా ఉంది. ఎక్స్-15 అక్కడే, ఆరు ఇంజిన్ల తెల్లటి ఎక్స్‌బీ-70 బాంబర్ అక్కడే, కెనెడీ ప్రయాణించిన అధ్యక్ష విమానం అక్కడే. మేం నాన్నకు వీల్‌చైర్ అడిగితే వెంటనే ఇచ్చారు. తిన్నగా నాలుగోదానికి నడిచాం.

నాన్న పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వీల్‌చైర్‌లోంచి లేచి, విమానం పొడవునా అడుగులో అడుగేసుకుంటూ నడిచి, వెనక్కొచ్చి, "ఇది నాది కాదురా. పొడుగెక్కువుంది" అన్నారు.

నిజమే. ఇది రెండో విమానం. 1962 నవంబరులో నెవాడాలోని మడ్ లేక్ మీద దిగుతుంటే బద్దీ విరిగి తిరగబడింది. పైలట్ జాక్ మెకే బతికాడు. ఆ విమానం తలకిందులుగా పడి ఉన్న ఫొటో చాలామంది చూసే ఉంటారు. మరమ్మతు చేసేటప్పుడు నడుము దగ్గర దాదాపు రెండున్నర అడుగులు పెంచారు, అదనపు ఇంధనం కోసం బయట రెండు ట్యాంకులు పెట్టే వీలు కల్పించారు. పేరు కూడా ఎక్స్-15ఏ-2 అయింది. నాన్న షీటు అంతకు ముందటి రూపానిది. ఫొటోల్లో చూస్తే ఈ తేడా నాకు ఏనాడూ తెలియలేదు. ముప్పయ్యో వంతులో కొలిచి గీసిన మనిషికి ఒక్కసారి పక్కన నడవగానే పట్టేసింది.

ఆ తర్వాత ఇక మాకు గైడు అక్కర్లేకపోయింది. తోక చూపించి మా అమ్మాయికి చెప్పారు: "మామూలు విమానం తోక వెనకంచు పదునుగా ఉంటుంది కదా. ఇది చూడు, గొడ్డలి తిరగేసినట్టు వెనక వైపు మందంగా ఉంది. ధ్వనికి ఐదారు రెట్ల వేగంలో సన్నటి తోక పట్టు నిలవదు." తల్లి విమానం కింద తగిలించినప్పుడు ఆ తోక ఇరుక్కోకుండా బీ-52 రెక్కకు వెనకంచులో గంటు కోశారట. కింద తోక సగం దిగే ముందు ఊడగొట్టి పారాచూట్‌తో వదిలేసేవాళ్లు, లేకపోతే బద్దీల కన్నా ముందు అదే నేలకు తగులుతుంది. శరీరానికి రెండు పక్కలా పొడవునా ఉబ్బెత్తుగా కనిపించేవి రెక్కల మొదళ్లు కాదు, వైర్లూ గొట్టాలూ పోయే సొరంగాలు. లోపలంతా ట్యాంకులే కాబట్టి వాటికి వేరే చోటు లేదు. ముందు ద్రవ ఆక్సిజన్, వెనక అమ్మోనియా. "అమ్మోనియా అంటే ఎరువుల ఫ్యాక్టరీ వాసన రాదా తాతా?" అని మా అమ్మాయి అడిగితే, "వచ్చే ఉంటుందమ్మా. 57,000 పౌండ్ల తోపుడు ముందు వాసనెవడు చూస్తాడు" అన్నారు.

ఈ విమానమే 1967 అక్టోబరు 3న పీట్ నైట్ చేతిలో గంటకు 4,520 మైళ్లు, అంటే సుమారు 7,270 కిలోమీటర్ల వేగం అందుకుంది. నిక్కెల్ మిశ్రలోహపు చర్మం ఆ వేడికి చాలదని పైన పెన్సిల్ రబ్బరు లాంటి గులాబీ రంగు పూత పూశారు. ద్రవ ఆక్సిజన్ తగిలితే ఆ పూతతోనే ప్రమాదమని దాని మీద మళ్లీ తెల్లటి పూత. అందుకే ఆ రోజు ఫొటోల్లో ఇది తెల్లగా ఉంటుంది. దిగాక తీసిన ఫొటోలు చూడాలి: కింద తోకలో కాలి పడ్డ కన్నాలు, బొగ్గయిన అంచులు. దాని కింద తగిలించిన నమూనా ఇంజిన్ దారిలోనే ఊడిపోయింది. ఆ తర్వాత ఈ విమానం మళ్లీ ఎగరలేదు. ఇప్పుడు నల్లగా, తోక మీద నాసా పసుపు పట్టీతో ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లకో మాట: నల్ల విమానాన్ని ఫోన్‌తో తీస్తే నల్ల మచ్చే వస్తుంది. వీలైతే మంచి కెమెరా తెచ్చుకోండి.

బస ఫెయిర్‌బోర్న్, బీవర్‌క్రీక్ వైపు చూసుకుంటే మ్యూజియానికి దగ్గర. మేం తీసుకున్న చోట గదిలో చిన్న వంటగది ఉంది, పప్పూ అన్నం వండుకున్నాం. బీవర్‌క్రీక్‌లో గుడి ఉంది. పక్కనే రైట్ స్టేట్ యూనివర్సిటీ, తెలుగు పిల్లలు బాగానే కనిపిస్తారు. ఒక్క రోజులో అవుతుందని వెళ్లకండి, రెండు రోజులు పెట్టుకోండి. రెండో పూట కారిలన్ పార్కులో రైట్ సోదరుల 1905 నాటి విమానం చూడొచ్చు. దానికి టికెట్టుంది, అయినా వదలొద్దు. గంట పైకి పోతే వపకోనెటాలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ మ్యూజియం. ఆయన ఎక్స్-15 ఏడుసార్లు నడిపాడు. 1962 ఏప్రిల్‌లో ఒకసారి ముక్కు కాస్త ఎక్కువ ఎత్తి, వాతావరణం మీద జారి, దిగాల్సిన చోటు దాటి పాసడీనా దాకా పోయి, తిరిగొచ్చి చెరువు చివరంచులో దిగాడు.

ఇక రెండో ఊరు. డిసెంబరులో ఇర్వైన్‌లో మా చెల్లెలింటికి వెళ్లినప్పుడు, "విమానం చూశాం, అది దిగిన నేల చూడొద్దూ?" అన్నారు నాన్న. లాస్ ఏంజిలిస్ దాటి ఉత్తరానికి రెండు గంటలు, లాంకాస్టర్. మొహావీ ఎడారి అంచు.

నిర్మొహమాటంగా చెప్తున్నా, ఇది అందరికీ కాదు. లాంకాస్టర్ బులివార్డ్‌లో పేవ్‌మెంట్ పక్కన టెస్ట్ పైలట్ల పేర్లతో గ్రానైట్ రాళ్లు నిలబెట్టారు. ఎక్స్-15ను మొదట ఎగరేసిన స్కాట్ క్రాస్‌ఫీల్డ్, మన పీట్ నైట్ రాళ్లు వెతికి ఫొటోలు దిగాం. పక్కూరు పామ్‌డేల్‌లో నైట్ పేరుతో హైస్కూలే ఉంది. అక్కడే బ్లాక్‌బర్డ్ ఎయిర్‌పార్కు, ఉచితం, రెండు నల్ల గూఢచారి విమానాలు పక్కపక్కన. రోజూ తెరవరు, శనాదివారాలు చూసుకుని వెళ్లాలి. మా వాళ్లకు ఆ పూట సరదాగానే గడిచింది.

బస విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. నలభై డాలర్లు మిగులుతాయని ఊరి బయట ఒక మోటెల్ తీసుకున్నాను. ఎడారి కదా, చలేముంటుంది అనుకున్నా. రాత్రి గాలికి తలుపు గడియ పాడుతూనే ఉంది, హీటర్ పన్నెండింటికి ఆగిపోయింది, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మా ఆవిడ ఉన్న శాలువాలన్నీ మామయ్యగారికే కప్పి, పొద్దుటిదాకా నా వైపు చూడలేదు. డిసెంబరు, జనవరిల్లో వెళ్లేవాళ్లు ఊరి మధ్య కాస్త మంచి హోటలే తీసుకోండి.

మర్నాడు బోరాన్ మీదుగా, ఎక్స్-15లు దిగిన ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం ఉత్తర గేటుకు. లోపలికి మనల్ని రానివ్వరు, కానీ గేటు బయటే ఉంది బీ-52, నంబరు 008. ఎక్స్-15లను మోసుకెళ్లిన రెండింటిలో ఒకటి. రెండోది అరిజోనాలో టూసాన్ మ్యూజియంలో ఉంది. చుట్టూ ఎవరూ లేరు, గాలి తప్ప. నాన్న టోపీ పట్టుకుని కుడిరెక్క కిందకి వెళ్లి గంటు ఎక్కడా అని వెతికారు. దొరికింది. మన ఇస్రో వాళ్లు కూడా శ్రీహరికోట నుంచి 2016లో రెక్కలున్న వాహనాన్ని పంపారనీ, 2023లో చిత్రదుర్గ దగ్గర హెలికాప్టర్ నుంచి దాని తమ్ముణ్ణి వదిలి రన్‌వే మీద దించారనీ గుర్తుచేశాను. "తెలుసు. పేపర్లో ఫొటో చిన్నగా వేశారు, కొలతలు ఇవ్వలేదు" అన్నారు, పైకి చూస్తూనే.

ఇంకో చోటు మిగిలిపోయింది. 1967 నవంబరు 15న మూడో విమానం గాల్లోనే ముక్కలై మైక్ ఆడమ్స్ చనిపోయిన చోట, రాండ్స్‌బర్గ్ వైపు, 2004లో స్మారకం కట్టారు. అద్దె కారు మట్టి దారిలో పొట్ట గీసుకుంటోందని వెనక్కి తిప్పాను. నాన్న కారు ఆపించి, షీటు బానెట్ మీద పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి, ప్లాన్ పక్కన ఖాళీలో పెన్సిల్‌తో బీ-52 రెక్కంచు, గంటుతో సహా గీశారు. ఆ గీత ఇంకా ఇంకు వేయలేదు. గంటు లోతు ఎంతో కొలవడానికి టేపు తీసుకెళ్లడం మర్చిపోయాం.