తెరచాపల వెంట ఒక తేలికైన లెన్సు: కేనన్ ఆర్‌ఎఫ్ 100-400 ఎం.ఎం. సమీక్ష

తెరచాపల కోసం, దూరపు వాటిని దగ్గరగా చూపే ఈ పొడవాటి లెన్సు కొన్నానని చెప్పినప్పుడు, తిరుపతిలో పెళ్లిళ్లకు ఫోటోలు తీసే మిత్రుడొకరు "మన ఊళ్లో తెరచాపలెక్కడివి సామీ?" అని నవ్వారు. శ్రీకాళహస్తి, వరదయ్యపాలెం మీదుగా తడ చేరుకుని, అక్కడి నుంచి భీములవారిపాలెం రేవుకు వెళ్తే ఆ ప్రశ్నకు సమాధానం కనబడుతుంది. చిలికా తరువాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సయిన పులికాట్‌లోని ఈ తీరం, 2022 నాటి జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలో భాగమైంది. చలికాలంలో కెమెరాలు పట్టుకుని వచ్చేవారిలో చాలామంది చూపు ఫ్లెమింగోల మీదే ఉంటుంది కాబట్టి, వాటికి వెనకగా, అతుకులు వేసిన తెరచాప ఎత్తుకుని చప్పుడు లేకుండా సాగిపోయే జాలరి పడవను పట్టించుకునేవారు తక్కువ. నేను రెండు చలికాలాలుగా ఈ లెన్సుతో ఆ పడవలనే తీస్తున్నాను.

2021లో విడుదలైన ఈ లెన్సు బరువు 635 గ్రాములు. నా కేనన్ ఆర్10 కెమెరాతో కలిపి తూచినా కిలోకు కాస్త మించుతుందంతే. ఇదే వరుసలో తెల్ల రంగులో వచ్చే 100-500 లెన్సు ఒక్కటే, స్టాండు పట్టీ తీసేసినా, 1,370 గ్రాములు తూగుతుంది. దాని ధర కూడా దీనికి కొన్ని రెట్లు ఎక్కువే. దూరాన్ని ఇంకా దగ్గరికి లాగాలనుకుంటే, ఆర్10 వంటి ఏపీఎస్-సీ (చిన్న సెన్సరు) కెమెరా మీద ఈ 400 ఎం.ఎం. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు) మీది 640 ఎం.ఎం.కు సమానమైన దగ్గరితనాన్ని ఇస్తుంది. ఒక చేత్తో పడవ అంచు పట్టుకుని, రెండో చేత్తో కెమెరా ఎత్తవలసిన చోట ఈ తేలికదనం విలువ తెలుస్తుంది. ఎదురుగా తెరచాప తిరిగేది క్షణకాలమే. ఆ క్షణానికి కెమెరా సంచిలో కాక మెడలో ఉండాలి. (డ్రోన్ ఉంటే ఇవన్నీ ఎందుకని అడిగేవారికి ఒక మాట: పక్కనే శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఉంది, ఆ ఆలోచన ఇంటి దగ్గరే వదిలేసి రావాలి.)

మిత్రుడికి నవ్వు తెప్పించిన మరో సంగతి ఎఫ్ 8. ఈ ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సులోంచి వచ్చే వెలుగు తగ్గుతుంది. ఈ లెన్సు 100 ఎం.ఎం. దగ్గర ఎఫ్ 5.6తో మొదలై 400 దగ్గరకు వచ్చేసరికి ఎఫ్ 8కు చేరుతుంది. కల్యాణ మండపంలో దీనిని తెరవడం వృథా. కానీ తెరచాప ఎండలో బతికే వస్తువు. ఎండ బాగా పరుచుకున్నాక ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సరు స్పందించే మోతాదు) 400 దగ్గరే సెకనులో 1,000వ వంతు షట్టరు వేగం అందుతుంది, ఆ వేగం ఇక్కడ తప్పనిసరి కూడా. లెన్సులోని స్టెబిలైజరు ఐదున్నర స్టాపుల (ఒక్కో స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) మేర వణుకును అదుపు చేస్తుందని కంపెనీ లెక్క. అయితే అది దిద్దేది మన చేతి వణుకునే గాని, మనం కూర్చున్న పడవ ఊగిసలాటను, ఎదుటి పడవ కదలికను కాదు. సూర్యోదయానికి ముందు నీలిరంగు వెలుగులో తీయాలనుకునేవారికి మాత్రం ఇది సరిపోదు.

ఫోకసు మోటారు నిశ్శబ్దంగా, చురుకుగా పని చేస్తుంది. మనుషులను, జంతువులను, వాహనాలను గుర్తుపట్టే నా కెమెరాలో పడవలకు ప్రత్యేక ఏర్పాటు లేదు కనుక, నేను ఒకే చిన్న బిందువును ఎంచుకుని, తెరచాప కొయ్యను తాకే కుట్టు మీద పెడతాను. ఒకే రంగులో ఉండే గుడ్డ నడిమధ్యన పెడితే ఏ కెమెరాకైనా పట్టు దొరకడం కష్టమే. తెరచాప తెల్లగా ఉన్నప్పుడు ఎక్స్‌పోజరును (చిత్రానికి అందే వెలుగును) కొంచెం తగ్గించి తీయకపోతే అతుకులన్నీ వెలుగులో కరిగిపోతాయి. ఉదయం పూట సూర్యుడికి ఎదురుగా నిలబడి తీస్తే, వెలుగు గుడ్డలోంచి వడకట్టినట్లు దిగి, ఆ అతుకులే అద్దాల కిటికీలా మెరుస్తాయి. అలా తీసేటప్పుడు పక్క వెలుగును అడ్డుకునే హుడ్ (లెన్సు ముందు తొడుగు) అవసరం; అది పెట్టెలో రాదు, విడిగా కొనాలి. పది గంటలు దాటాక లోతు తక్కువైన ఆ నీటి మీద వేడిగాలి లేచి దూరపు పడవలను వణికిస్తుంది, దానికి ఏ లెన్సులోనూ మందు లేదు.

నేను చేసిన పెద్ద పొరపాటు లెన్సు పొడవును చూసి మురిసిపోవడం. మొదటి నెల అంతా 400 దగ్గరే ఉండి, తెరచాపతో ఫ్రేము నింపేశాను. ఇంటికి వచ్చి చూస్తే బట్టల దుకాణం ప్రకటనల్లా ఉన్నాయి. గాలికి సాగే పడవలోని ఏ స్వేచ్ఛ కోసమైతే అంత దూరం వెళ్లానో అది ఒక్క చిత్రంలోనూ లేదు. తరువాత 150, 200 మధ్యకు వెనక్కి తగ్గి, పడవను ఒక మూలన చిన్నగా ఉంచి, అది వెళ్లే దిక్కున నీటిని ఖాళీగా వదిలినప్పుడే, చూసేవాడి ఊపిరికి చోటు దొరికింది. ఇంత దూరాన్ని జూమ్ ఒక్క తిప్పులో దాటడం ఈ లెన్సులో నాకు అన్నింటికన్నా నచ్చిన గుణం.

స్వేచ్ఛ అనే మాట ఒడ్డున ఉన్నవాడిదేనని నాకు అక్కడే తెలిసింది. పులికాట్‌లోని ఇరకం దీవి వైపు నన్ను తీసుకెళ్లిన పడవాయనను, "గాలి మీద ఇలా పోతుంటే హాయిగా ఉంటుంది కదన్నా" అని అడిగాను. "గాలి మన మాట యాడ వింటది సార్, మనమే దాని మాట వినాల" అని, ఆయన గడకర్ర తీసి నీటిలో దింపాడు. గాలి పడిపోయింది. ఆయన వంగి గడ వేస్తుండగా, జారిన తెరచాప పక్కన తీసిన చిత్రమే నా దగ్గరున్న వాటిలో మంచిది.

జాగ్రత్త పడవలసిన అంశం ఒకటుంది. ఈ లెన్సుకు నీరు, దుమ్ము చొరబడకుండా ఆపే సీలింగు లేదు, పైగా జూమ్ చేస్తే గొట్టం బయటికి సాగుతుంది. ఉప్పుగాలిలో నేను దీనికి ప్లాస్టిక్ సంచి తొడిగి, ముందు 67 ఎం.ఎం. ఫిల్టరు బిగించి వాడతాను, ఇంటికి రాగానే కాస్త తడిపి పిండిన గుడ్డతో తుడుస్తాను. పోలరైజరు అనే ఫిల్టరు వాడితే నీటి తళుకు తగ్గుతుంది గాని, ఒకటి రెండు స్టాపుల వెలుగు కూడా పోతుంది. ఎఫ్ 8 దగ్గర అది భారమే. తుంపరలో తీసే అలవాటున్నవారు డబ్బు కూడబెట్టి ఆ తెల్ల లెన్సే కొనడం మేలు.

పదునును గురించి పరీక్ష పటాలతో నేను కొలవలేదు. పోయిన సంక్రాంతి తరువాత, 400 దగ్గర తీసిన ఒక చిత్రాన్ని పెద్దగా ప్రింటు వేయించి పడవాయనకు ఇచ్చాను. ఆయన ఆకాశాన్నీ నీటినీ చూడలేదు. వేలితో తెరచాప అంచు వెంట నడుచుకుంటూ వెళ్లి, కింది మూల దగ్గర ఆగి, "ఈడ కుట్టు ఊడింది సార్, నేను చూడనే లేదు" అని సూది దారం తెమ్మని కొడుకును కేకేశాడు.