ధాతువా, జాబితానా: ఇంగ్లీషు మాటలు గుర్తుండాలంటే ఏది మేలు?

ఏటా జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలే రోజుల్లోనే మా అమలాపురంలో పోటీ పరీక్షల కొత్త బ్యాచీలు మొదలవుతాయి. మొదటి వారం తిరక్కుండానే పిల్లలు అడుగుతారు: "మాస్టారూ, మాటల జాబితా బట్టీ పట్టమంటారా, లాటిన్ ధాతువులు నేర్చుకోమంటారా?" ధాతువంటే మాట పుట్టిన మూలం, చాలా ఇంగ్లీషు మాటలకు అది లాటిన్‌లో ఉంది. ఈ ఏడు తల్లిదండ్రులు కూడా ఫోను చేసి అదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు నాకు తోచింది ఒకచోట రాస్తున్నాను.

ముందు జాబితా సంగతి. పరీక్ష ఇంకో మూడు వారాల్లో ఉందంటే నేనూ జాబితానే చేతిలో పెడతాను. రోజుకు ముప్ఫై మాటలు, పక్కన తెలుగు అర్థం, రాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి. అలా చదివి గట్టెక్కినవాళ్లు నా దగ్గరే చాలామంది ఉన్నారు. జాబితాలో ఇంకో మంచి ఉంది. ఇవాళ ఆ మాటను ఏ అర్థంలో వాడుతున్నారో అదే సూటిగా చెబుతుంది. ధాతువుకు ఆ గుణం లేదు. దాని గురించి తర్వాత చెబుతాను.

పోయిన ఏడాది ఒక అమ్మాయి తన నోటుపుస్తకం తెచ్చి చూపించింది. రెండు వందల పేజీలు, నడుమ ఎర్ర గీత, అచ్చు గుద్దినట్టున్న దస్తూరి. అక్షరక్రమంలో రాసుకుంది కాబట్టి అఫ్లుయెంట్ మొదటి పేజీల్లో ఉంది, 'సంపన్నమైన' అని. ఎఫ్లుయెంట్ చాలా దూరంలో ఉంది, 'ఫ్యాక్టరీ నుంచి వచ్చే మురుగునీరు' అని. ఇన్‌ఫ్లుయెన్స్ ఇంకా దూరం. పరీక్షలో ఆమె మురుగునీటికి అఫ్లుయెంట్ అని గుర్తు పెట్టి వచ్చింది. అంత కష్టపడి రాసుకున్న పిల్లకు అలా జరిగినందుకు నాకు నిజంగా బాధ కలిగింది.

ఈ మూడూ ఒక తల్లి పిల్లలు. లాటిన్‌లో ఫ్లుయెరె అంటే పారడం. అఫ్లుయెంట్ అంటే దగ్గరికి పారివచ్చేది, సిరి అలా వచ్చి చేరినవాడికి ఆ పేరు. ఎఫ్లుయెంట్ బయటికి పారేది. కాన్‌ఫ్లుయెన్స్ కలిసి పారడం, అంటే సంగమం. మాట ఎక్కడా ఆగకుండా పారితే ఫ్లూయెంట్. మనం కూడా 'ధారాళంగా మాట్లాడాడు' అనే అంటాం, అందులోనూ ఉన్నది ధారే. నక్షత్రాల నుంచి ఒక శక్తి మనుషుల్లోకి పారుతుందని పూర్వం ఐరోపాలో నమ్మేవారు, ఇన్‌ఫ్లుయెన్స్ అక్కడిది. ఇటలీవాళ్లు ఆ మాటనే తమ ఉచ్చారణలో ఇన్‌ఫ్లుయెంజా అని అంటువ్యాధికి పెట్టారు. 1743లో అక్కడ జబ్బు ప్రబలినప్పుడు ఆ పేరు ఇంగ్లీషులోకి వచ్చింది. మనం ఫ్లూ జ్వరం అంటున్నది దాన్నే.

నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: మరిచిపోయిన మాట తిరిగి దొరుకుతుందా? ఎన్ని గుర్తుంటాయన్నది కాదు, ఎందుకంటే మరవడం అందరికీ ఉన్నదే. జాబితాలోని మాట జారిపోతే దాన్ని పట్టుకోవడానికి కొస ఉండదు. ధాతువుతో నేర్చిన మాట జారినా దాని అక్కచెల్లెళ్లలో ఒకరు చేయి అందిస్తారు. పరీక్ష గదిలో ఎఫ్లుయెంట్ తట్టకపోయినా, 'ఎక్స్' (ఇక్కడ 'ఎఫ్' అయింది) అంటే బయటికి, 'ఫ్లు' అంటే పారుట అని తెలిసిన పిల్లకు మురుగునీటి జవాబు చేతికి వస్తుంది.

ఇది మనకు తెలియని పద్ధతేమీ కాదు. ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం: అన్నిటిలోనూ 'హృ' అనే ధాతువే ఉంది. ముందు చేరిన ఉపసర్గ అర్థాన్ని బలవంతంగా ఇంకోచోటికి లాక్కుపోతుందని చెప్పడానికి సంస్కృత వ్యాకరణంలో ఈ అయిదు మాటలనే చూపిస్తారు. లాటిన్ ఉపసర్గలు చేసేదీ ఆ పనే. ఎనిమిదో తరగతిలో ఉపసర్గలు చదివిన పిల్లవాడికి సగం పాఠం ముందే వచ్చినట్టు.

డెల్టా పిల్లలకు ఇంకో సౌకర్యం ఉంది. లాటిన్ మాట్లాడినవాళ్లూ నీళ్లు పారించి పంట పండించుకున్నవాళ్లే. రీవుస్ అంటే ఏరు, పిల్లకాలువ. ఒకే కాలువ కింద పొలాలున్నవారిని రివాలేస్ అనేవారు. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీరు తగ్గి వంతులు పెట్టినప్పుడు, ఎగువ రైతు తూము దగ్గర అడ్డు తీయకపోతే శివారు రైతు రాత్రివేళ లాంతరు పట్టుకుని గట్టు మీద ఎందుకు తిరుగుతాడో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన న్యాయ సంకలనంలో అచ్చంగా ఇదే తగవు ఉంది, ఒకే కాలువ నీరు తెచ్చుకునే రివాలేస్ గొడవ పడితే ఏం చేయాలని. ప్రత్యర్థికి ఇంగ్లీషులో రైవల్ అనే పేరు అలా వచ్చింది. ఈ ముక్క చెప్పాక ఆ మాట మరిచిన విద్యార్థి నాకు ఇంతవరకు కనబడలేదు.

డిరైవ్ కూడా ఆ రీవుస్ బిడ్డే. ఏటి నుంచి నీరు మళ్లించడం దాని తొలి అర్థం. 1847లో పని మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరికి చేసింది అదే. ఇప్పుడు గణితంలో సూత్రం డిరైవ్ చేయమంటే, ఉన్నదాని నుంచి కొత్తదాన్ని పాయ తీయమని అర్థం.

మరి రివర్? అదీ రీవుస్ నుంచే వచ్చిందని తొందరపడితే పప్పులో కాలేసినట్టే. అది రీపా నుంచి వచ్చింది, రీపా అంటే గట్టు. అరైవ్ కూడా అక్కడిదే: ఒడ్డు చేరడం. నరసాపురం రేవులో ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగినవాడు అసలైన అర్థంలో అరైవ్ అయినట్టు. అక్కడ మనం ఎక్కే పంటు కూడా ఇంగ్లీషు పంటే, దాని వెనక లాటిన్ పోంతో ఉంది, అడుగు చదునుగా ఉండే పడవ.

ధాతువుల దారిలో ఇలాంటి గోతులు ఉన్నాయని దాచను. ఫ్లో అనే ఇంగ్లీషు మాట చూడగానే ఫ్లుయెరె బంధువు అనిపిస్తుంది. రూపంలోనూ అర్థంలోనూ అంత పోలిక ఉన్నా రెండింటికీ చుట్టరికం లేదు. ఫ్లో దగ్గరి చుట్టం మన సంస్కృతంలోని 'ప్లు', ప్లవనం, అంటే తేలడం, అన్నప్పటి ధాతువు. లంకల పిల్లలకు నేను తప్పకుండా చెప్పేది ఐలండ్ కథ. లాటిన్‌లో లంకను ఇన్సులా అంటారు. పెనిన్సులా దాదాపు లంక, అంటే ద్వీపకల్పం. కరెంటు తీగకు తొడుగు వేసి ఇన్సులేట్ చేస్తాం, చుట్టూ నీరున్న లంకలా విడిగా ఉండేట్టు. చక్కెర జబ్బుకు వేసుకునే ఇన్సులిన్ కూడా అదే ఇంటిది, క్లోమగ్రంథిలో దీవుల్లా ఉండే కణాల గుంపుల్లో అది తయారవుతుంది కాబట్టి. కానీ ఐలండ్ మాత్రం పాత ఇంగ్లీషు మాట. అందులో పలకని 'ఎస్' అక్షరం ఇన్సులా సంతతి వాళ్లను చూసి ఎవరో తగిలించినదే.

ఇక జాబితా దగ్గర వదిలేసిన మాట. ధాతువు పుట్టిల్లు చెబుతుంది, ఇప్పటి చిరునామా చెప్పదు. రైవల్ అన్నప్పుడు ఇవాళ కాలువ ఎవరికీ గుర్తు రాదు. సరౌండ్ అంటే చుట్టుముట్టడం. అది ఉండా, అంటే అల, అన్న మాట నుంచి 'పొర్లి ముంచెత్తడం' అనే అర్థంతో బయలుదేరిందని తెలిసినా వాక్యంలో వాడటం రాదు. అందుకే ధాతువుతో పాటు మాట తగిలిన వాక్యాన్ని కూడా రాసుకోవాలి. వాక్యం లేని ధాతువుల పట్టిక ఇంకో జాబితా అయిపోతుంది.

మిగతా మార్గాలు? ఫోనులో మాటల ఆటలు బస్సు ప్రయాణానికి సరిపోతాయి. రోజూ ఇంగ్లీషు పేపరు చదవడం ఎలాగూ ఉండాల్సిందే, దానికి పోటీ లేదు.

సమయం ఆరు నెలలుంటే మాత్రం నా ఓటు ధాతువుకే. వారానికి మూడు చాలు. మొదటి వారం నేను పిల్లలను కాలువ గట్టుకు తీసుకెళ్తాను. స్లూయిస్ దగ్గర నిలబడి చూస్తాం. లస్కరు మర తిప్పుతుంటే తుప్పు పట్టిన తలుపు అంగుళం అంగుళం లేస్తుంది, కింది నుంచి ఎర్రనీరు బుస్సుమని వస్తుంది. స్లూయిస్ అనే మాట క్లౌదెరె, అంటే మూయడం, నుంచి వచ్చింది. 'బయటే ఆపేసినది' అన్న అర్థంలో. తలుపు మీద చేయి వేసి ఒక్కొక్కటీ చెబుతాను: లోపల ఉంచి మూస్తే ఇన్‌క్లూడ్, బయట ఉంచి మూస్తే ఎక్స్‌క్లూడ్, ముందే మూసి దారి లేకుండా చేస్తే ప్రిక్లూడ్, అన్నీ ముగించి మూసేస్తే కన్‌క్లూడ్.

పోయినసారి ఆ నోటుపుస్తకం అమ్మాయి అక్కడే అడిగింది, "అయితే సెక్లూడెడ్ విలేజ్ అంటే వరదలో మా లంకలాగా అన్నమాట, విడిగా పెట్టి మూసేసినట్టు?" ఆ మాటను ఆమె అంతకుముందు ఒక పాఠంలో చూసిందట, అర్థం తెలియక వదిలేసిందట. 'సె' అంటే విడిగా అని నేను ఇంకా చెప్పనే లేదు.

ఇప్పుడు ఆమె కొత్త పుస్తకం పెట్టుకుంది. పేజీకి ఒక ధాతువు, ఒక్కో మాట కింద ఒక వాక్యం. క్లౌదెరె పేజీలో సగం ఖాళీగా వదిలింది, ఇంకా తగులుతాయని.