దూర ప్రయాణానికి కారులో ఏ పనిముట్లు పెట్టుకుంటే మేలు?

దూర ప్రయాణం అనగానే బట్టలు, తినేవి, పిల్లల మందులు ముందు గుర్తొస్తాయి. పనిముట్ల సంగతికొచ్చేసరికి "డిక్కీలో జాకీ ఉంది, స్టెప్నీ ఉంది, ఇంకేం కావాలి" అనేస్తాం. నేనూ చాలా ఏళ్లు అదే మాట అన్నాను. ఒక రాత్రి వానలో వెనక టైరు గాలి మొత్తం దిగిపోయింది. సామానంతా తడి రోడ్డు మీదికి దించి, అడుగునున్న స్టెప్నీ బయటికి లాగి చక్రం మార్చాను. జాకీ దించగానే ఆ స్టెప్నీ కూడా చప్పబడిపోయింది. దాంట్లో గాలి చివరిసారి ఎప్పుడు చూశానో గుర్తు లేదు. సాయానికి ఇంకో బండి ఆగేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఇంట్లోవాళ్లు పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను.

అప్పటినుంచి ఏ పనిముట్టునైనా రెండు ప్రశ్నలు అడిగాకే కారులో పెడుతున్నాను. పక్కన ఎవరూ లేకపోయినా దీంతో నా పని నేను చేసుకోగలనా? నెలల తరబడి ఎండకీ చలికీ డిక్కీలో పడి ఉన్నా, కావలసిన రోజున పనిచేస్తుందా? ఈ రెండింటికీ అవునని చెప్పే వస్తువులు చాలా తక్కువ. అందుకే ఎంచుకోవడం కష్టం.

స్టెప్నీ, ప్లగ్ కిట్, సీలెంట్

టైరుకు ఎక్కడ దెబ్బ తగిలిందన్నదాన్ని బట్టి వీటిలో ఏది మేలో తేలుతుంది. నేలకు ఆనే భాగంలో, అంటే ట్రెడ్‌లో, మేకు దిగిందనుకోండి. ట్యూబ్‌లెస్ టైరైతే ప్లగ్ కిట్ చాలు. మేకు పీకి, రంధ్రాన్ని ఆకురాయి లాంటి సూదితో రాకి, జిగురున్న రబ్బరు తాడును లోపలికి దోపి, బయట మిగిలిన ముక్క కోసేసి గాలి నింపాలి. చెయ్యి తిరిగినవాళ్లకి పావుగంట పని. చాలాసార్లు చక్రం విప్పే అవసరం కూడా రాదు. ముందు చక్రమైతే స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి పెడితే చేతికి చోటు దొరుకుతుంది. కిట్ చిన్నది, ఎండకు జిగురు తాళ్లు ఎండిపోకుండా ఏడాదికోసారి మార్చుకుంటే చాలు. కానీ 6 మిల్లీమీటర్ల కంటే పెద్ద రంధ్రానికి ఇది పనికిరాదు. టైరు పక్కభాగంలో అసలు పెట్టకూడదు. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ భాగం వంగుతూ ఉంటుంది కాబట్టి ప్లగ్ నిలవదు, వేగంలో ఉండగా ఊడితే ప్రాణం మీదికొస్తుంది.

రంధ్రాన్ని లోపల్నుంచి మూసే ద్రవమున్న సీలెంట్ డబ్బా అన్నిటికంటే సులువు. వాల్వ్ లోంచి ద్రవం ఎక్కించి, గాలి నింపి, అది టైరంతా పరుచుకునేలా వెంటనే కొన్ని కిలోమీటర్లు మెల్లగా నడపాలి. బరువు ఎత్తలేనివాళ్లకి, నడుము నొప్పి ఉన్నవాళ్లకి ఇదే దారి. అయినా నాకు దీని మీద నమ్మకం తక్కువ. డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటితే లోపల గడ్డకట్టి అసలు బయటికి రాకపోవచ్చు. ఒకసారి ఎక్కించాక టైరు లోపలంతా జిగటైపోయి, తర్వాత పంక్చర్ వేసేవాళ్లు కడిగి తుడవాల్సి వస్తుంది. గాలి ఎంతుందో చూపించే సెన్సర్ ఉన్న చక్రమైతే అది మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది.

టైరు పక్కభాగం చీలినా, గుంతలో పడి రిమ్ వంగినా స్టెప్నీ తప్ప మరొకటి ఆదుకోదు. అందుకే అంత బరువైనా నా వరసలో దానిదే మొదటి స్థానం, ప్లగ్ కిట్ రెండోది, సీలెంట్ ఆఖరిది. మీ కారులో అసలు స్టెప్నీ ఇచ్చారో లేదో ఇవాళే తెరిచి చూడండి. చాలా కొత్త కార్లలో దాని బదులు సీలెంటే పెడుతున్నారు. కొన్నిటిలో సన్నటి తాత్కాలిక చక్రం ఉంటుంది. దాంతో మామూలుగా గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. ఇంకా ముఖ్యమైనది దాని గాలి. ఆ సన్న చక్రానికి సాధారణంగా 60 పీఎస్ఐ కావాలి, అంటే మిగతా నాలుగింటికి దాదాపు రెట్టింపు. అన్నిటితో పాటు దానికీ 33 కొట్టించి వచ్చామంటే సగం గాలితోనే బయల్దేరినట్టు.

ఇక గాలి పంపు. కాలితో తొక్కేది అంత తొందరగా పాడవదు, కానీ పూర్తిగా దిగిన కారు టైరును నింపాలంటే వందల సార్లు తొక్కాలి. ఛార్జింగ్‌తో నడిచే చిన్న పంపు చేతిలో ముద్దుగా ఉంటుంది, అవసరానికి దాంట్లో ఛార్జి ఉంటుందన్న భరోసా లేదు. కారు సాకెట్‌కి తగిలించే 12 వోల్టుల పంపు మాత్రం నా రెండు ప్రశ్నలకూ నిలబడింది. ఇంజన్ నడుస్తుంటే దానికి కరెంటు కొరత లేదు, ఒక్కడినే నింపుకోగలను. సాకెట్ ఫ్యూజ్ చాలా కార్లలో 10 లేదా 15 ఆంపియర్లు. అంటే 120 నుంచి 180 వాట్లకు మించిన పంపు తగిలిస్తే ఫ్యూజ్ పోతుంది. పెద్ద పంపైతే నేరుగా బ్యాటరీకి క్లిప్పులతో తగిలించేది కొనాలి. రెండు స్పేర్ ఫ్యూజులు దాని సంచిలోనే పడేసుకోండి. ఆ వాన రాత్రి నా దగ్గర ఇదొక్కటి ఉండుంటే చాలు, గాలి లేని స్టెప్నీ పది నిమిషాల్లో లేచి నిలబడేది.

జంపర్ కేబుళ్లా, జంప్ స్టార్టరా?

బ్యాటరీ డౌనై బండి స్టార్ట్ కాకపోతే ఈ రెండిట్లో ఒకటి కావాలి. కేబుళ్లంటే ఇంకో కారు బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చే తీగలు. వాటికి ఛార్జింగ్ గొడవ లేదు, పదేళ్లు పడి ఉన్నా పనిచేస్తాయి. కాకపోతే పక్కన ఇంకో కారు, దాన్ని ఆపే మంచి మనిషి ఉండాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది కాబట్టి తీగ మందం ముఖ్యం. పైన రబ్బరు లావుగా ఉండి లోపల సన్నటి తీగ ఉన్నవే ఎక్కువగా అమ్ముతుంటారు. అవి వేడెక్కుతాయే తప్ప బండిని కదిలించలేవు. చిన్న పెట్రోల్ కారుకు కనీసం 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, డీజిల్‌కి 25 ఉండాలి. మూడు మీటర్ల పొడవుంటే రెండు కార్లను దగ్గరగా నిలిపినప్పుడు మామూలుగా అందుతుంది.

తగిలించే వరస కంఠతా రావాలి. ఎర్రది ముందు డౌనైన బ్యాటరీ ప్లస్‌కి, దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొస మాత్రం ఆగిపోయిన కారు ఇంజన్ దగ్గర రంగు లేని ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా. ఆఖరి క్లిప్పు పెట్టేటప్పుడు నిప్పురవ్వ లేవొచ్చు, బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ ఉండొచ్చు. ఆ రెండూ కలవకూడదనే ఈ జాగ్రత్త. తీసేటప్పుడు వరస తిరగెయ్యాలి.

జంప్ స్టార్టర్ పుస్తకమంత ఉండే లిథియం బ్యాటరీ. ఎవరూ లేని దారిలో అర్ధరాత్రయినా మీరొక్కరే బండి స్టార్ట్ చేసుకోవచ్చు. దాని శత్రువు వేడి. ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటిపోవచ్చు, అక్కడ నెలల తరబడి ఉంచితే దాని ఆయుష్షు కరిగిపోతుంది. అందుకే నేను దాన్ని ఇంట్లో ఉంచి, మూడు నెలలకోసారి ఛార్జి చేసి, ప్రయాణం రోజున కారెక్కిస్తాను. మరో సంగతి, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే చాలా స్టార్టర్లు దాన్ని గుర్తించవు, బలవంతంగా కరెంటు పంపే బూస్ట్ బటన్ నొక్కాల్సి వస్తుంది. ఆ బటన్ నొక్కితే చాలావాటిలో ప్లస్ మైనస్ తారుమారైనా కాపాడే రక్షణ ఆగిపోతుంది. నొక్కే ముందు ఎరుపు ఎక్కడుందో, నలుపు ఎక్కడుందో రెండుసార్లు చూసుకోండి.

దూర ప్రయాణానికైతే స్టార్టరే మేలు. ఛార్జి చెయ్యడం గుర్తుండదని మీ సంగతి మీకే తెలిస్తే మందపాటి కేబుళ్లు మేలు, వాటిని నిత్యం కారులోనే ఉంచెయ్యండి. ఏది వాడినా అది ఆ పూటకే. సాకెట్‌లో పెట్టే చిన్న వోల్ట్‌మీటర్ ఒకటి ఉంటే అసలు జబ్బు తెలుస్తుంది. ఆగి ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 దాకా చూపిస్తుంది. బండి నడుస్తున్నా 12 దగ్గరే ఉండి ఇంకా తగ్గుతోందంటే, ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ ఛార్జి చెయ్యడం లేదేమో అని అనుమానించాలి. అలాంటప్పుడు దారిలో ఎక్కడా ఇంజన్ ఆపకుండా మెకానిక్ దాకా వెళ్లడమే.

మిగతావి

కారుతో వచ్చే పొట్టి స్పానర్ కంటే లాగితే పొడవయ్యే స్పానర్ మేలు. వీల్ నట్లు 100 న్యూటన్ మీటర్ల దాకా బిగించి ఉంటాయి. పాతిక సెంటీమీటర్ల పిడితో దాన్ని వదులు చెయ్యాలంటే 40 కిలోల బలం పెట్టాలి, యాభై సెంటీమీటర్లయితే 20 కిలోలు చాలు. జాకీ మాత్రం కారుతో వచ్చిందే మంచిది, అది మీ కారు అంచుకే సరిపోయేలా చేసింది. మెత్తటి నేలలో దిగబడకుండా కింద పెట్టడానికి ఒక చెక్క ముక్క తోడు పెట్టుకోండి.

చేత్తో పట్టుకునే టార్చి కంటే నుదుటికి కట్టుకునేది నాకు పదిరెట్లు పనికొచ్చింది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. హెచ్చరిక త్రికోణమా, మెరిసే ఎల్ఈడీ లైటా అంటే రెండూ పెట్టుకోమంటాను. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 28 మీటర్లు వస్తుంది. త్రికోణం 50 మీటర్ల దూరంలో పెడితే వెనక వచ్చేవాళ్లకి రెండు సెకన్లు కూడా దక్కవు. వేగంగా వెళ్లే రోడ్డు మీద 100 మీటర్లు నడవాలి, అదీ రోడ్డు అంచు దాటి. అలా నడవడం ప్రమాదమనిపిస్తే హజార్డ్ లైట్లు వేసి, అందరినీ దించి, రెయిలింగ్ అవతలికి తీసుకెళ్లడమే సరైనది.

అన్నీ కలిపి సంచిలో వచ్చే రెడీమేడ్ కిట్ కంటే ఒక్కొక్కటీ ఏరి కొనుక్కున్నదే మేలు. సన్నటి కేబుళ్లు నాకు తగిలింది అలాంటి సంచిలోనే.

డిక్కీలో ఏది, ముందు సీటు దగ్గర ఏది అన్నది కూడా అంతే ముఖ్యం. మెరిసే జాకెట్, హెడ్ టార్చి, త్రికోణం, సీటు బెల్ట్ కోసే కత్తి దిగకముందే చేతికందాలి. బరువైనవేవీ వెనక సీటు మీద వదిలెయ్యకండి. 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగితే, వదులుగా ఉన్న వస్తువు తన బరువుకు 14 రెట్ల బలంతో ముందుకొస్తుంది. 5 కిలోల పనిముట్ల పెట్టె 70 కిలోలై పిల్లల తల వైపు దూసుకొస్తుందని ఊహించుకోండి. డిక్కీలో పనిముట్ల సంచి కొక్కేనికి కట్టి, స్టెప్నీ మీద సూట్‌కేసులు కాకుండా తేలిగ్గా తీసెయ్యగలిగే చిన్న సంచులు పెట్టండి.

చక్రాలకు దొంగతనం కాకుండా లాక్ నట్లు ఉంటే, వాటిని విప్పే ప్రత్యేక బిళ్ల కారులోనే ఉందో లేదో బయల్దేరే ముందు చూడండి. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు అది అక్కడే ఉండిపోవడం మామూలు. అది లేకపోతే స్టెప్నీ, జాకీ, పొడుగు స్పానర్ అన్నీ ఉన్నా చక్రం ఊడదు.