'ఫ్రెష్‌వాటర్ మోరే ఈల్': దుకాణంలో చెప్పే పేరు వేరు, చేపకు కావాల్సిన నీళ్లు వేరు

ఫ్రెష్‌వాటర్ మోరే, స్నోఫ్లేక్ ఈల్ అంటూ అక్వేరియం దుకాణాల్లో అమ్మే పాములాంటి పొడవాటి చేపను మంచినీళ్ల ట్యాంకు కోసం కొనొద్దు. చేపలో లోపం లేదు. సరైన నీళ్లిస్తే ఏళ్ల తరబడి బతికే గట్టి చేప. తప్పంతా పేరులోనే. ఆ పేరుతో ఎక్కువగా వచ్చేది జిమ్నోథొరాక్స్ టైల్ అనే మోరే జాతి. గంగ చేపలను వర్ణించిన శాస్త్రవేత్త హామిల్టన్ 1822లో దీన్ని కూడా వర్ణించాడు కాబట్టి నది చేప అనిపిస్తుంది. కానీ ఇది ఉండేది నది సముద్రంలో కలిసే చోట, ఆటుపోట్లకు ఉప్పు పెరిగి తగ్గే బురదలో.

కొనేముందు అద్దం దగ్గరికి వంగి తల చూడండి. మోరేకు తల వెనక రెక్కలుండవు. మొప్ప దగ్గర చిన్న గుండ్రటి రంధ్రమే ఉంటుంది. నోరు ఆగకుండా తెరుస్తూ మూస్తూ ఉంటుంది, అది కోపం కాదు, శ్వాస. గోధుమరంగు ఒంటి మీద పసుపు చుక్కలుంటాయి. ఈల్ పేరుతోనే అమ్మే ఇంకో రకం స్పైనీ ఈల్. దానికి మూతి సన్నగా సాగి, చివర చిన్న కండ తొండంలా కదులుతుంది. తల వెనక రెండు బుల్లి రెక్కలు గబగబా ఆడుతుంటాయి, వీపు మీద విడివిడిగా ముళ్లుంటాయి. మన కృష్ణలో దొరికే బొమ్మిడాయి ఈ కుటుంబానిదే. ఇవి నిఖార్సైన మంచినీళ్ల చేపలు.

"మన బోరు నీళ్లు ఎట్లాగూ ఉప్పే కదా, నడుస్తది" అనే మాట నమ్మొద్దు. నల్లగొండ బోరులో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 1000 చూపించినా లీటరుకు 1 గ్రామే. అది కూడా కాల్షియం, మెగ్నీషియం లాంటివన్నీ కలిపిన లెక్క. ఈ మోరేకు కనీసం లీటరుకు 8, 9 గ్రాముల మెరైన్ సాల్ట్ (సముద్రపు అక్వేరియంల కోసం అమ్మే ఉప్పు) కావాలి, అంటే నీళ్ల సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ మీద సుమారు 1.005. పెద్దదయ్యాక 1.010 దాటితేనే మేలు.

మంచినీళ్లలో వేస్తే వెంటనే చావదు, మోసపోయేది అక్కడే. ఒంట్లో ఉప్పు బయటికి పోతుంటే, నీళ్లు లోపలికి చేరుతుంటాయి. వాటిని తోడిపోయలేక మూత్రపిండాలు అలసిపోతాయి. ముందు తిండి మానేస్తుంది. మోరే వారాల తరబడి తినకుండా ఉండగలదు కాబట్టి, కొత్త చోటు, అలవాటు పడుతుందిలే అనుకుంటారు. తర్వాత చర్మం మీద తెల్లటి పొర, పుండ్లు. అప్పుడు రాగి ఉన్న మందు వేస్తే, పొలుసుల్లేని ఒంటికి అది విషమే.

ఇప్పటికే కొనేసినవాళ్లు దాన్ని పారేయక్కర్లేదు. 200 లీటర్ల ట్యాంకైతే వారానికి 50 లీటర్లు మార్చండి. మొదటి వారం ఆ 50 లీటర్లలో 600 గ్రాముల మెరైన్ సాల్ట్ విడిగా బకెట్లో పూర్తిగా కరిగించి పోయాలి. రెండో వారం 750 గ్రాములు, ఎందుకంటే తీసేసిన నీళ్లతో 150 గ్రాములు పోతాయి. మూడో వారం 900. ఇలా ఐదు వారాలకు 1.010 దగ్గరికి వస్తుంది. తొందరపడితే ఫిల్టర్‌లో వ్యర్థాలను శుభ్రం చేసే బ్యాక్టీరియా చచ్చి, చేపకు విషమైన అమోనియా లేస్తుంది, అందుకే అమోనియా టెస్ట్ కిట్ దగ్గరుండాలి. వంటింటి అయోడిన్ ఉప్పు పనికిరాదు. మొక్కలు, టెట్రాల్లాంటి మంచినీళ్ల చేపలు ఉన్న ట్యాంకులో ఈ పని కుదరదు, వాటిని ముందే వేరే చోటికి మార్చాలి. ఎండాకాలం మన దగ్గర నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం ఉండిపోతుంది. కాబట్టి తగ్గినంత మేరకు క్లోరిన్ తీసిన నల్లా నీళ్లే పోయండి, ఉప్పు కలపొద్దు.

మంచినీళ్లలోనే ఈల్ కావాలంటే స్పైనీ ఈల్ రకాల్లో పీకాక్ ఈల్ తీసుకోండి. అడుగుకు మించి పెరగదు. అదే కుటుంబంలోని ఫైర్ ఈల్ మూడడుగుల దాకా పెరుగుతుంది, మామూలు ఇంటి ట్యాంకుకు బరువే. వీటికి అడుగున రెండంగుళాల మెత్తటి ఇసుక తప్పనిసరి, ఒళ్లంతా దూర్చి కళ్లు మాత్రమే బయట పెట్టుకుంటాయి. రాయి పిండిచేసిన రోబో శాండ్ వేస్తే ఆ మొనలకు పొట్ట గీరుకుని పుండు పడుతుంది. తిండి లైటు ఆర్పాకే వేయాలి: వానపాము ముక్కలు, బ్లడ్‌వర్మ్ అనే ఎర్ర పురుగులు, చిన్న రొయ్య ముక్కలు. పొడి గుళికలను చాలావరకు ముట్టవు. దుకాణంలో మీ ముందే తినిపించమని అడగండి, తినని చేపను తెచ్చుకోవద్దు. పైపులు, వైర్లు దిగే సందులన్నీ స్పాంజితో బిగించండి. వేలు పట్టేంత సందు దొరికినా ఈల్ బయటికి పాకి, తెల్లారేసరికి నేల మీద ఎండిపోయి ఉంటుంది.